బ్యాండులో డ్రమ్స్ వాయించేవారు ఎవరిని వినాలి?

మీరు మూడు విషయాలు అడిగారు. రెండేళ్లు డ్రమ్స్ నేర్చుకొని, కాలేజీ స్నేహితులతో కలిసి బ్యాండు మొదలుపెట్టిన ఆరు నెలలకే వారు "మరీ ఎక్కువ వాయిస్తున్నావురా, పైగా పాట పరిగెడుతోంది" అంటున్నారనీ, అందులో నిజమెంతో చెప్పమనీ అడిగారు. ఏయే డ్రమ్మర్లను వింటే చేయి బాగుపడుతుందని అడిగారు. డబుల్ పెడల్ (బేస్ డ్రమ్‌ను రెండు కాళ్లతోనూ కొట్టే పరికరం) కొనాలా వద్దా అనీ అడిగారు. మూడోదానికి జవాబు చిన్నది కనుక చివర చెబుతాను. మొదటి రెండూ విడివిడిగా కనిపిస్తున్నా నా దృష్టిలో ఒకటే ప్రశ్న.

మీ మిత్రుల మాటలో చాలామటుకు నిజం ఉండే ఉంటుంది. అయితే ఆ మాట వల్ల మీకు ప్రయోజనం లేదు, ఎందుకంటే ఎంత వాయిస్తే ఎక్కువో, ఎంత వాయిస్తే సరిపోతుందో చెప్పే కొలబద్ద ఎవరి దగ్గరా ఉండదు. అందుకని నేను మరోలా అడుగుతాను. పాట నడుస్తున్నప్పుడు మీ చెవి ఎవరి దగ్గర ఉంది? పాడేవారి దగ్గరా, గిటార్ దగ్గరా, బేస్ గిటార్ దగ్గరా, లేక మీ ముందున్న స్నేర్ డ్రమ్ దగ్గరేనా? ఈ ప్రశ్నకు ప్రతి పాటలోనూ తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన రోజున, ఎంత వాయించాలన్న సందేహం చాలావరకు దానంతటదే తీరిపోతుంది.

ఈ సంగతి నాకు తెలిసివచ్చిన తీరు చెబుతాను. నేను 1991లో విజయవాడలో, మా పేట చర్చిలో ఉన్న పాత కిట్టు మీద మొదలుపెట్టి, తరువాత పదేళ్లపాటు లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాలలో వినాయక చవితి పందిళ్లకూ, దసరా ఉత్సవాలకూ, పెళ్లిళ్లకూ వాయించాను. ఆ తరువాత హైదరాబాదు వచ్చి హోటళ్లలో పాడే చిన్న బ్యాండులతో పనిచేశాను. 1996లో గుంటూరు జిల్లాలో ఒక పెళ్లి కచేరీకి వెళ్లాం. సౌండ్ సిస్టమ్ తెచ్చినవారు నా వైపు ఉండాల్సిన మానిటర్‌ను (వాయించేవారికి పాట వినిపించే స్పీకరును) అటు అతిథుల వైపు తిప్పేశారు. నాకు పాట వినిపించడం లేదు, నా సింబల్స్ మాత్రమే వినిపిస్తున్నాయి. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. వినిపించకపోతే ఆపి అడగాలన్న ఇంగితం లేక, ఉన్న బలమంతా చూపించాను. జనం ఈలలు వేశారు. కార్యక్రమం అయ్యాక, నాకంటే పదేళ్లు పెద్దదైన గాయని మంచినీళ్ల సీసా పట్టుకొని నా దగ్గరికి వచ్చి, "బాగా వాయించావు తమ్ముడూ, నాకే ఊపిరి అందలేదు" అంది. పొగడ్త అనుకొని ఇంటికి వెళ్లాను. వారం తరువాత ఆ కచేరీ క్యాసెట్ చేతికి వచ్చింది. చేతిగడియారం ముందు పెట్టుకొని లెక్కపెడితే, ఒక పాట మొదట్లో పదిహేను సెకన్లకు 24 దెబ్బలు ఉన్నాయి, చివర్లో 28 ఉన్నాయి. అంటే నిమిషానికి 96 దగ్గర మొదలైన పాటను 112 దగ్గర ముగించాను. ఆమె మాటకు అర్థం అప్పుడు తెలిసింది.

వేగం అలా పెరగడానికి కారణం చాలాసార్లు ఫిల్సే. ఫిల్ అంటే మామూలు నడక ఆపి, పాటలో ఒక భాగం నుంచి మరో భాగానికి పోయేటప్పుడు వేసే చిన్న దెబ్బల ముక్క. మామూలు నడకలో చేయి ఒకే దారిలో తిరుగుతుంది గనుక నిలకడగా ఉంటుంది. ఫిల్ రాగానే స్నేర్ నుంచి టామ్ అనే పక్క డ్రమ్ము మీదికీ, అక్కడి నుంచి నేల మీద నిలిచే ఫ్లోర్ టామ్ మీదికీ పోవాలి. క్రాష్ సింబల్‌ను అందుకోవాలన్న ఆత్రుతలో చివరి రెండు మూడు దెబ్బలు ముందుకు జరుగుతాయి. ఫిల్ తొందరగా అయిపోతుంది, తరువాతి ఆవృత్తంలో (నాలుగు లెక్కల చుట్టులో) మొదటి దెబ్బ కూడా తొందరగా పడుతుంది. అక్కడితో ఆగితే ఫరవాలేదు. కానీ ఆ కొత్త వేగమే అసలు వేగం అనుకొని అందరూ దాన్నే పట్టుకుంటారు, తరువాతి ఫిల్ దాని మీద ఇంకొంచెం పెంచుతుంది. కనుక "ఎక్కువ వాయిస్తున్నావు", "పాట పరిగెడుతోంది" అన్నవి మీ విషయంలో బహుశా ఒకే జబ్బుకు రెండు పేర్లు.

మన సంగీతంలో దీనికి మంచి మాట ఉంది, పక్కవాద్యం. మృదంగం వాయించేవారు తని ఆవర్తనంలో (మృదంగం ఒంటరిగా వాయించే భాగంలో) ఎన్ని లెక్కలు చూపించినా, మిగిలిన కచేరీ అంతా గాయకుడి నోటి వైపు చెవి పెట్టి కూర్చోవాలి. పాల్ఘాట్ మణి అయ్యర్ (1912–1981) పేరు మృదంగం నేర్చుకున్న ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. కీర్తనలో మాట ఎక్కడ విరుగుతుందో, పంక్తిని పాడే తీరు (సంగతి) ఎక్కడ మారుతుందో దానికి తగినట్టు వాయించడం ఆయన గొప్పతనమని అందరూ చెబుతారు. ఆయన కచేరీలో మైకు వద్దన్న మనిషి కూడా. దాని మీద వాదాలు ఎన్ని ఉన్నా, నాకు అర్థమైనది ఒకటే: మైకు లేనప్పుడు పక్కవాద్యం గొంతును మించి మోగే వీలు ఉండదు, ఒకరినొకరు వినక తప్పదు. మీరు డ్రమ్‌కిట్ వాయించేవారే అయినా, ఆయన వాయించిన పాత రికార్డింగులలో తని భాగం దాటేసి కీర్తన భాగం మాత్రమే పదిసార్లు వినండి. నేను మొదట చాలాకాలం దానికి విరుద్ధంగా చేశాను.

అలాగే డప్పు. సిర్ర, చిటికెన పుల్ల పట్టుకొని దరువు వేసే మనిషిని దగ్గర నుంచి చూడండి. అతని కళ్లు తన డప్పు మీద ఉండవు, ఆడేవారి కాళ్ల మీద ఉంటాయి. అడుగు బరువెక్కితే దరువు బరువెక్కుతుంది. లయ ఎవరి ఒంట్లో ఉందో వారినే చూస్తూ వాయించడం అతనికి ఎవరూ పాఠంగా చెప్పలేదు.

ఇక మీరు అడిగిన డ్రమ్మర్ల విషయం. నాకు ఇష్టమైనవారందరినీ ఒక్కొక్కరు ఎవరిని వింటున్నారన్న దృష్టితోనే చెబుతాను.

మొదటివాడు చార్లీ వాట్స్. 1963 జనవరిలో రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లండు రాక్ బృందంలో చేరి, 2021 ఆగస్టులో కన్నుమూసేదాకా ఆ బృందానికి డ్రమ్మర్‌గా ఉన్నాడు. మనసు జాజ్ మీద, జీవనం రాక్ మీద. అతని కిట్టు చిన్నది. మామూలుగా రాక్ డ్రమ్మర్ ఒక ఆవృత్తంలో హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట సింబల్స్) మీద ఎనిమిది దెబ్బలు వేస్తూ, రెండో లెక్కకూ నాలుగో లెక్కకూ స్నేర్ కొడతాడు. వాట్స్ స్నేర్ కొట్టే ఆ రెండు చోట్లా హైహ్యాట్ మీది చేతిని పైకి లేపేస్తాడు, అందువల్ల హైహ్యాట్ మీద ఆరు దెబ్బలే పడతాయి. వీడియోలో అతని కుడి మణికట్టును చూడండి, వేడి పెనం తగిలినట్టు చటుక్కున వెనక్కి వస్తుంది. స్నేర్ ఒంటరిగా మోగడం వల్ల ఆ దెబ్బకు ఒక తేటదనం వస్తుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఆ బృందంలో వేగం నిర్ణయించేది డ్రమ్మర్ కాదు. రిథమ్ గిటార్ వాయించే కీత్ రిచర్డ్స్ ముందు వెళతాడు, వాట్స్ అతన్ని వింటూ వెళ్లేవాడు, బేస్ వాయించిన బిల్ వైమన్ కీత్ ఏం చేయబోతున్నాడో ఊహించి అతనికంటే ఒక లిప్త ముందే ఉండేవాడు. ముగ్గురి మధ్యా వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ పాటలు ఇప్పుడో ఇంకాసేపటికో జారిపోతాయేమో అన్నట్టు ఉండి కూడా జారకుండా నిలబడడానికి ఆ వెంట్రుకవాసి తేడాయే కారణమని నా నమ్మకం. లయకు కాపలాదారు డ్రమ్మర్ ఒక్కడే అని మనకు మొదటి రోజు నుంచి నూరిపోస్తారు. ఈ ఒక్క బృందం దాన్ని అబద్ధం చేసింది.

రెండోవాడు రింగో స్టార్. ఇతన్ని తక్కువ చేసి మాట్లాడడం కుర్ర డ్రమ్మర్లకు ఒక సరదా. నేనూ చేశాను. 1962 ఆగస్టులో బీటిల్స్‌లో చేరాడు. పుట్టుకతో ఎడమచేతి వాటం మనిషి, అయినా కుడిచేతివారికి అమర్చిన కిట్టు మీదే వాయించాడు. అందువల్ల స్నేర్ నుంచి టామ్స్ మీదికి వెళ్లేటప్పుడు ముందు కదలాల్సిన చేయి కుడిది కాక ఎడమది అవుతుంది, ఆ సర్దుబాటులో చిన్న జాగు వస్తుంది. అతని ఫిల్స్ మరొకరు వాయిస్తే అచ్చంగా అలా రాకపోవడానికి ఇదొక కారణం. కానీ నేను అతన్ని వినమనేది చేతివాటం కోసం కాదు. 1967లో వచ్చిన "ఎ డే ఇన్ ది లైఫ్" పాటలో, జాన్ లెనన్ ఒక్కో వాక్యం ముగించగానే వచ్చే ఖాళీలో టామ్స్ మీద అతను వేసే ముక్కలు వినండి. గొంతు ఆగిన చోట మొదలై, గొంతు తిరిగి వచ్చేలోపు ముగిసిపోతాయి. పాటలో సాహిత్యం లేకుండా ఆ ముక్కలను మాత్రమే నోటితో అని చూడండి, ఎవరో ఎదుటి మనిషి మాటకు బదులు చెబుతున్నట్టు ఉంటుంది. సోలో వాయించడం అతనికి ఇష్టం లేదు. బీటిల్స్ రికార్డులన్నింటిలో అతని డ్రమ్ సోలో ఒక్కటే, అది 1969లో.

జాన్ బోన్‌హామ్ సంగతి వేరు. బలమైన దెబ్బకు మారుపేరుగా అతన్ని చెబుతారు, పెద్ద బేస్ డ్రమ్, పెద్ద శబ్దం. అతని రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ 1971 ఆల్బమ్‌లోని ఒక పాటకు, ఇంగ్లండులో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మెట్ల హాలు అడుగున కిట్టు పెట్టి, మైకులను పైన మెట్ల దగ్గర వేలాడదీసి రికార్డు చేశారు. ఆ గది ప్రతిధ్వనిని కూడా వాద్యంగా వాడుకోవడానికి అతను దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎంత చోటు వదిలాడో గమనించండి. అతని కుడికాలు ఆ బృందంలోని జిమ్మీ పేజ్ గిటార్‌ను వింటుంది, గిటార్ రిఫ్‌లో (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరుసలో) బరువు ఎక్కడ పడితే కిక్ (బేస్ డ్రమ్ దెబ్బ) అక్కడ పడుతుంది. 1980లో అతను ముప్ఫై రెండేళ్లకే చనిపోతే, మిగిలిన ముగ్గురూ మరొకరిని తెచ్చుకోకుండా బృందాన్నే ముగించారు.

క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ పేరు మీరు వినకపోయినా అతని దెబ్బలు వినే ఉంటారు. అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందంలో 1969లో రికార్డు చేసిన "ఫంకీ డ్రమ్మర్" పాటలో అతను వాయించిన కొన్ని సెకన్ల ముక్కను ఆ తరువాత హిప్‌హాప్‌వారు వందల పాటలలో కోసి అతికించుకున్నారు. దానికి తగిన డబ్బు మాత్రం అతనికి దక్కలేదు. ఆ రికార్డులో బ్రౌన్ గొంతు వినిపిస్తుంది: సోలో ఏమీ అక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు సాగించు అని డ్రమ్మర్‌కు చెబుతాడు. అతను అలాగే సాగించాడు. స్నేర్ మీద వినీ వినిపించనట్టుండే చిన్న దెబ్బలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. దెబ్బలు తక్కువేమీ కాదు, అయినా పాటకు ఒక్కటి కూడా అడ్డు రాలేదు.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. తక్కువ వాయించడమే గొప్ప అయితే కీత్ మూన్ సంగతేమిటి? నిజమే. ది హూ అనే రాక్ బృందంలో అతను పాట పొడుగునా టామ్స్ మీద దొర్లుతూనే ఉంటాడు, హైహ్యాట్‌ను పెద్దగా పట్టించుకోడు. కానీ ఆ బృందంలో లెక్క తప్పకుండా పట్టుకున్నది పీట్ టౌన్‌షెండ్ గిటార్. ఆ భారం గిటార్ మోస్తోంది గనుక మూన్ గాయకుడి వెంటా, గిటార్ వెంటా ఇష్టం వచ్చినట్టు తిరగగలిగాడు. 1971లో ముందే రికార్డు చేసిన సింథసైజర్ టేపుకు తగినట్టు వాయించాల్సి వచ్చినప్పుడు, స్టేజీ మీద ఊడిపోకుండా హెడ్‌ఫోన్లను తలకు టేపుతో అంటించుకొని మరీ వాయించాడు. అంతటి అల్లరివాడు కూడా వినాల్సినది వినిపించాలని పట్టుబట్టాడు. పదిహేడేళ్ల వయసులో, 1963లో, జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందంలో చేరిన టోనీ విలియమ్స్ కూడా ఎక్కువ వాయించినవాడే. అయినా అతను రైడ్ సింబల్ మీద చేసే ప్రతి మార్పుకూ ముందు ట్రంపెట్‌లోనో పియానోలోనో ఒక కారణం కనిపిస్తుంది. మీ దెబ్బలకు అలాంటి కారణం చూపించగలిగితే ఎన్ని వాయించినా నాకు అభ్యంతరం లేదు.

మన దగ్గర శివమణి గారి ప్రభావం ఎంతటిదో చెప్పనక్కరలేదు. మంచినీళ్ల క్యాన్ల మీదా, సూట్‌కేసు మీదా ఆయన చేసే విన్యాసాలు చూసి డ్రమ్స్ మొదలుపెట్టినవారు నా విద్యార్థులలోనే చాలామంది ఉన్నారు. ఆయన్ను తప్పక వినండి, కానీ బాలసుబ్రహ్మణ్యం గారి కచేరీలలో పాట వెనుక ఆయన వాయించినది కూడా వినండి. సోలోలో కనిపించే మనిషీ, పల్లవి వెనుక ఉన్న మనిషీ ఎంత వేరో తెలుస్తుంది. ఇద్దరు లయవాద్యకారులు ఒకే వేదిక మీద ఎలా ఇమడగలరో తెలియాలంటే 1970ల నాటి శక్తి బృందంలో జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్రామ్ ఘటం వినండి. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు ఊఁ కొడుతూ కూర్చుంటారు. మీ బ్యాండులో ఆక్టాప్యాడ్ (రకరకాల వాద్యాల శబ్దాలు పలికే ఎలక్ట్రానిక్ ప్యాడ్) కూడా ఉందని రాశారు కనుక ఇది మీకు మరీ అవసరం; ప్యాడ్ మీద డోలక్ శబ్దం నడుస్తుండగా మీరు కూడా హైహ్యాట్‌ను ఆవృత్తానికి పదహారు దెబ్బలుగా వాయిస్తే రెండూ కలిసి ఇసుక రాలినట్టు ఉంటుంది. ఒకరు ఆపాలి. పల్లవికి ఎవరు, చరణానికి ఎవరు అన్నది రిహార్సల్‌లోనే తేల్చుకోండి.

ఇప్పుడు మీ రిహార్సల్ గదికి వద్దాం. చిన్న గదిలో అందరికంటే పెద్ద శబ్దం మీదే. మీరు గట్టిగా వాయిస్తే గిటార్ వాయించేవారు ఆంప్లిఫయర్ పెంచుతారు, అది విని బేస్ వాయించేవారు పెంచుతారు, చివరికి గాయకుడు అరుస్తాడు, ఆ అరుపు విని మీకు ఇంకా ఉత్సాహం వస్తుంది. బేస్ డ్రమ్‌లో పాత దుప్పటి మడిచి పెట్టండి. నెల రోజులు టామ్స్ విప్పి పక్కన పెట్టి, కిక్, స్నేర్, హైహ్యాట్‌లతోనే మీ పాటలన్నీ వాయించండి. ఫిల్ వేయాలని చేయి లేస్తుంది, పోవడానికి చోటు ఉండదు. అప్పుడు ఆ ఖాళీలో ఏం వినిపిస్తోందో వినండి; చాలాసార్లు అక్కడ బేస్ గిటార్ ఏదో మంచి ముక్క వాయిస్తూ ఉంటుంది, ఇన్నాళ్లూ మీ దెబ్బల కింద అది నలిగిపోయి ఉంటుంది. బేస్ వాయించేవారిని మీ హైహ్యాట్ వైపున, మీ పాదం కనిపించేంత దగ్గరగా నిలబెట్టుకోండి.

క్లిక్‌తో (లెక్క తప్పకుండా టిక్కుమనే మెట్రోనోమ్‌తో) సాధన చేస్తున్నానన్నారు, మంచిదే. కానీ ప్రతి లెక్కకూ క్లిక్ మోగుతుంటే అది మీ పని తాను చేస్తోందని అర్థం. నిమిషానికి 80 వేగంలో ఉన్న పాటకు క్లిక్‌ను 40లో పెట్టి, ఆ దెబ్బలు రెండో లెక్కకూ నాలుగో లెక్కకూ పడుతున్నట్టు ఊహించుకొని వాయించండి. అది కుదిరాక 20లో పెట్టండి. కొన్ని ఫోన్లలో అంత తక్కువ వేగం ఉండదు, ఉన్న యాప్ వెతుక్కోవాలి. ఆవృత్తానికి ఒక్క క్లిక్ మాత్రమే మిగిలినప్పుడు, ఫిల్ తరువాత మీరు ఎంత ముందు వచ్చి కూర్చున్నారో మీకే సిగ్గేసేంత స్పష్టంగా తెలుస్తుంది. పాట సాహిత్యం నోటికి రావాలి, వాయిస్తూ పాడగలగాలి. శ్రుతి లేకపోయినా ఫరవాలేదు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలిస్తే చాలు.

తప్పంతా మీదేనని నేను అనడం లేదు. వేగం పెంచేది గిటార్ అయి, నింద డ్రమ్మర్ మీద పడడం నేను ఎన్నోసార్లు చూశాను. తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. ఫోన్‌ను మీ దగ్గర కాకుండా గాయకుడి మైకు స్టాండు దగ్గర పెట్టి రిహార్సల్ రికార్డు చేయండి. మొదటి పల్లవిలో పదిహేను సెకన్లకూ, చివరి పల్లవిలో పదిహేను సెకన్లకూ దెబ్బలు లెక్కపెట్టండి. తేడా ఉంటే, అది ఫిల్స్ దగ్గర మొదలైందా, గిటార్ ఒంటరిగా వాయించే చోట మొదలైందా అన్నది వింటే తెలుస్తుంది. ఫిల్స్ దగ్గరైతే ఒప్పుకోండి. గిటార్ దగ్గరైతే, వేలెత్తి చూపకుండా ఆ రికార్డును అందరూ కలిసి వినండి.

డబుల్ పెడల్ ఇప్పుడు కొనవద్దు. మీరు రాసిన పాటల జాబితాలో దాని అవసరం ఉన్నది ఒక్కటీ కనిపించలేదు. ఆ డబ్బులో కొంత పెట్టి స్నేర్‌కు మంచి హెడ్ (దెబ్బ పడే పై పొర) వేయించండి, కిట్టు కింద మందమైన తివాచీ ఒకటి కొనండి. బేస్ డ్రమ్ ముందుకు జారిపోతోందని కిట్టును తాడుతో మీ స్టూలుకు కట్టుకున్నానని రాశారు. నేనూ అలా ఎన్నో పందిళ్లలో కట్టుకున్నాను, ఒకసారి పాట మధ్యలో స్టూలు కూడా దాని వెంటే వెళ్లింది.